పచ్చి మాట, ఉడికిన మాట

బాపుకు ఫైనల్ ఎగ్జిట్ పడిందని, ఇక సౌదీ వదిలి ఊరికి పోవడమేనని అమ్మ ఫోన్ చేసి చెప్పిన వారం, శుక్రవారం పొద్దున్నే హుఫూఫ్‌లో బయలుదేరి రహీమాలోని మా పాత ఫ్లాటుకు వెళ్ళాను. రాస్ తనూరా రిఫైనరీని ఆనుకుని ఉన్న ఊరు రహీమా. బాపు అక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. నేను పాలపళ్ళతో వచ్చి, చదువుకుని, పెళ్ళి చేసుకుని వెళ్ళేదాకా ఆయన ఇనుప గొట్టాలు బిగిస్తూనే ఉన్నాడు. సామాను సర్దడానికి సాయం వచ్చానన్న మాటే గానీ, నన్ను చూడగానే అమ్మ చేసిన మొదటి పని సర్వపిండి గిన్నె పొయ్యి మీద పెట్టడం. "సర్దుడు ఏడికి పోతది? ముందు తిను" అంది. సగం ఖాళీ అయిన వంటింట్లో, కట్టలు కట్టిన అట్టపెట్టెల మధ్య కూచుని, వేళ్ళు కాలుతున్నా ఆపకుండా తిన్నాను. బాపు గుమ్మంలో నిలబడి టేపు చించుతూ, "పని చేసెటోళ్ళు వచ్చిన్రా, తినెటోళ్ళు వచ్చిన్రా?" అన్నాడు.

తిన్న తర్వాత అటక మీది సామాను దించడం నా వంతు. పాత ప్రెషర్ కుక్కర్ వెనక, మూత బిగుసుకుపోయిన ఖర్జూరం డబ్బా ఒకటి దొరికింది. తెరిస్తే లోపల అమ్మ పాత ఫోను, అద్దం పగిలి, బ్యాటరీ ఉబ్బి ఉంది. దాని కింద గుడ్డలో చుట్టిన చిన్న బ్యాడ్జీ. నీలం ఎనామెల్ మీద బంగారు రంగు గీత, వెనక పిన్ను వంకర. నా సైకాలజీ ఆనర్ సొసైటీ బ్యాడ్జీ! పెళ్ళయిన కొత్తలో ఇల్లంతా బోర్లించి వెతికాను. పోయిందనుకుని మా ఆయన మీద కూడా అరిచాను, పాపం. "అమ్మా, ఇదేందే ఇక్కడ?" అంటే, అమ్మ ఏమాత్రం సిగ్గుపడకుండా, "నీ బిళ్ళనా? నువ్వు పారేస్తవని నేనే దాచిన" అంది. దాన్ని ఆవిడ ఎప్పుడూ బ్యాడ్జీ అనలేదు. బిళ్ళే. ఆ బిళ్ళకూ ఈ వంటింటికీ, ఈ పగిలిన ఫోనుకూ ఉన్న సంబంధం మా ముగ్గురికీ తెలుసు.

నేను యూనివర్సిటీలో చదివే రోజుల్లో మా ఇంట్లో శుక్రవారం అంటే శుక్రవారమే, దానికి ఇంకో రోజుతో పోలిక లేదు. పొద్దున బాపు చేపల మార్కెట్‌కు పోయి షేరీ చేప తెచ్చి, బాల్కనీలో స్టూలు వేసుకుని తానే కడిగేవాడు. ఎంత నారింజ సబ్బు రుద్దినా ఆయన చేతులకు ఇనుప తుప్పు వాసన పోయేది కాదు. ఆ రోజు మాత్రం దాని మీద చేప వాసన గెలిచేది. సందు చివరి అఫ్గానీ రొట్టెల దుకాణం నుంచి కాలిన పిండి వాసన, అమ్మ పోపులోంచి ఎండుమిర్చి ఘాటు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చే ఆడవాళ్ళ నల్లటి అబాయాలకు వాళ్ళ మేడమ్‌ల ఇళ్ళలో వేసే బఖూర్ ధూపం వాసన. వాళ్ళంతా చుట్టుపక్కల సౌదీ ఇళ్ళలో పనిచేసే మన తెలుగు ఆడవాళ్ళు. శుక్రవారం యజమానులు చుట్టాలిళ్ళకు భోజనానికి పోతారు. ఆ మూడు నాలుగు గంటలు మంచి మేడమ్‌లు ఉన్నవాళ్ళకు సెలవు. ఆ సెలవంతా మా వంటింట్లోనే.

వాళ్ళు వచ్చేది సర్వపిండి కోసం అనుకుంటే పొరపాటు. వచ్చేది అమ్మ ఫోను కోసం. చాలామందికి రాయడం రాదు, ఉన్న ఇంట్లో మనసు విప్పి మాట్లాడే చోటు లేదు. అందుకని అమ్మ ఫోన్లో మాట రికార్డు చేసి, దాన్ని ఊళ్ళో వాళ్ళ నంబరుకు పంపేవాళ్ళు. ఇక్కడే అమ్మ పెట్టిన ఆచారం ఒకటుంది. ఎవరైనా సరే ఫోన్లోకి రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి మనసులో ఉన్నదంతా చెప్పేయాలి, ఏడుపొస్తే ఏడవాలి. అది పంపరు. మొహం కడుక్కొచ్చి, రెండోసారి నిదానంగా, నవ్వు మొహంతో చెప్పాలి. అదే పంపుతారు. మొదటిదాన్ని అమ్మ పచ్చిది అనేది, రెండోదాన్ని ఉడికింది. "పచ్చిది తింటె కడుపునొస్తది. ఇంటోళ్ళకు ఉడికిందే పెట్టాలె" అనేది. రాజోలు నుంచి వచ్చిన సత్యవతిగారి సంగతి మాత్రం వేరు. ఆవిడకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. "ఏవయ్యా, గేదె ఈనిందో లేదో చెప్పడానికి నీకు నోరు పడిపోయిందా? నేనిక్కడ చచ్చానో బతికానో కూడా అక్కర్లేదా నీకు?" అని పచ్చిది దంచి పడేసి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, "ఏవండీ, కులాసాగా ఉన్నారా? గేదె ఈనిందాండీ?" అని ఉడికింది చెప్పేది. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.

వాళ్ళలో అందరికన్నా తక్కువ మాట్లాడేది లక్ష్మీదేవత్త, మాకు లక్ష్మత్త. రాయచోటి దగ్గర పల్లె ఆవిడది. మా వెనక సందులో ఉమ్ ఫైసల్ అనే పెద్దావిడ ఇంట్లో పని. భర్త లేడు, ఒక్కతే కూతురు, శిరీష. తిరుపతిలో నర్సింగు మూడో ఏడు. లక్ష్మత్త విమానం ఎక్కే రోజున ఆ పిల్ల ఒక మాట అన్నదట: "నువ్వు ఆడ ఏడుస్తాండావని తెలిసిందంటే మాత్రం, ఆ దినమే కాలేజీ మానేసి నిన్ను పిలిపించుకుంటా." అది ఉత్త బెదిరింపు కాదని ఆవిడకు తెలుసు, పిల్ల అంత మొండిది. అందుకే లక్ష్మత్త ఉడికించినంత బాగా ఎవరూ ఉడికించేవాళ్ళు కాదు. పచ్చిది చెప్పేటప్పుడు మాత్రం వంటింటి తలుపు వేసుకునేది. బయటికొచ్చి, పైటతో కళ్ళు తుడుచుకుని, అమ్మతో "ఊఁ, పద్మక్కా, ఇప్పుడు పట్టు" అని, ఫోను ముందు ఎంత నవ్వు నవ్వేదంటే నాకే నిజమనిపించేది. "బాగుండా మ్మా. మేడం బంగారం. దినామూ కోడికూరే. నువ్వు బాగా సదువుకో." ఇంతే. వారం వారం ఇవే మాటలు.

ఇలాంటి ఇంట్లో పెరిగి నేను సైకాలజీ చదవడంలో వింతేమీ లేదు గానీ, బాపు మాత్రం ఒప్పుకోవడానికి ఏడాది తీసుకున్నాడు. "మనుషుల మనసు సంగతి మీ అమ్మ చదువకుండనే చెప్తది గద, దానికి బస్సెక్కి దమ్మాం దాక పోవుడెందుకు?" అని ఆయన వాదన. చివరికి ఒప్పుకున్నాడు. రోజూ బస్సులో గంట పోను, గంట రాను. నాలుగో ఏడు మొదట్లో ఒక రోజు, అంచుకు బంగారు గీత ఉన్న కవరు నా చేతికొచ్చింది. మా డిపార్ట్‌మెంట్ ఆనర్ సొసైటీలో చేరమని ఆహ్వానం. మార్కుల్లో ముందున్న కొద్దిమందికే ఇస్తారు. ఆ ఏడు మా క్లాసులో ఆరుగురికి వచ్చింది, అందులో నేనొక్కదాన్నే తెలుగుదాన్ని. చేరాలంటే సొంతంగా ఒక చిన్న పరిశోధన చేసి చూపించాలి. తర్వాత సభలో అందరి ముందూ ప్రమాణం చదివి, పెద్ద రిజిస్టర్‌లో సంతకం చేయాలి. మన మీద నమ్మకం పెట్టిన ఆడమనిషి ఒకరు వచ్చి మన అబాయాకు బ్యాడ్జీ పెట్టాలి, అది ఆ సొసైటీ పద్ధతి. ఆ కవరును అమ్మ గోధుమపిండి చేతులతో పట్టుకుంది. ఇప్పటికీ దాని మీద ఆ వేలిముద్రలున్నాయి. "బిళ్ళ నేనే పెడ్త" అని అప్పుడే ప్రకటించి, ఏ చీర కట్టుకోవాలో కూడా చెప్పేసింది. పైన అబాయా వేసుకుంటే చీర ఎవరికి కనబడుతుందే అంటే, "నాకు తెలుస్తది గద" అంది.

పరిశోధనకు ఏం తీసుకోవాలో నేను వెతుక్కోనక్కరలేకపోయింది. వంటింట్లోనే ఉంది. మనిషి తనకోసం చెప్పుకునే మాటకూ, ఇంటికి పంపే మాటకూ తేడా ఏమిటి? పచ్చివీ ఉడికినవీ రెండూ దాచి, పోల్చి చూస్తే? మా సొసైటీ సలహాదారు డాక్టర్ సల్మా. జోర్డాన్ ఆవిడ, బల్ల మీద ఎప్పుడూ మరమియా ఆకు వేసిన టీ, ఒలుస్తూ ఒలుస్తూ ఆపేసిన నారింజ పండు. ఆవిడకు చెప్తే కళ్ళు మెరిశాయి. "కానీ జాగ్రత్త. వాళ్ళు ఒప్పుకోవాలి. పేర్లు ఉండకూడదు. ఆ గొంతులు నీ చేతిలోంచి ఎక్కడికీ పోకూడదు" అని మూడు వేళ్ళు చూపించి చెప్పింది. శుక్రవారం నేను ఒప్పుకోలు కాగితాలు చదివి వినిపిస్తే సత్యవతిగారు, "మా ఆయన్ని తిట్టిన తిట్లు మీ కాలేజీలో వింటారా? వినిపించు తల్లీ, అక్కడైనా ఎవరో ఒకరు వింటారు" అని ముందుగా వేలు చాపింది. లక్ష్మత్త మాత్రం చాలాసేపు కాగితం కేసి చూసింది. "బయటికి పోదు గదా పాపా?" అంది. "నా మీద ఒట్టు అత్తా" అన్నాను. "ఎయిర్‌పోర్టులో పది వేళ్ళూ ఇచ్చినా, నీకొక్కటి ఇయ్యలేనా" అని స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు నొక్కింది. ఆ ఒట్టు నేను ఎంత సులువుగా వేశానో తలచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నాకు తెలివి కొంచెం ఎక్కువై పొంగుతుండేది. గొంతు వినగానే ఇది పచ్చిదా ఉడికిందా అని ముందే తెలిసిపోతే పరిశోధకురాలి లెక్క వంకర పోతుందని పుస్తకంలో చదివాను. అందుకని అమ్మ ఫోన్లోని రికార్డులన్నీ నా ఫోన్లోకి మార్చుకుని, చీటీలు వేసి, ఒక్కొక్క దానికి ఇష్టమొచ్చిన నంబరు పెట్టాను. పేరు లేదు, వరస లేదు. ఏ నంబరు ఎవరిదో, ఏది మొదటిదో నోట్‌బుక్కులో పట్టిక. ఎంత శ్రద్ధగా చేశానో! అమ్మ ఆ పట్టిక చూసి, "పచ్చివి ఉడికినవి ఒక్క గిన్నెల కలుపుతున్నవ్ పోరీ" అంది. "నీకు తెలియదులే, ఇది సైంటిఫిక్ పద్ధతి" అన్నాను. అన్నదెవరితో? నాకు మాటలు నేర్పినావిడతో.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంటర్నెట్ పోయింది. అందరూ రికార్డు చేసి వెళ్ళిపోయారు గానీ, మెసేజ్‌లు పోలేదు. నేనేమో వాటికీ నంబర్లు పెట్టేసి, అమ్మ ఫోన్లో చోటు లేదని అక్కడివి తీసేశాను. ఆదివారం పొద్దున బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసి, "నెట్టు వచ్చింది గద, అందరియి పంపినవా?" అంది. ఒళ్ళో నోట్‌బుక్కు పెట్టుకుని, కుదుపుల్లో పట్టిక చూసుకుంటూ ఒక్కొక్కటే పంపాను. పేర్లు ఉంటే ఆ తప్పు జరిగేదే కాదు. మధ్యాహ్నం లైబ్రరీలో కూచుని, మిగిలిన వాటిలో ఒకటి తెరిచాను. "బాగుండా మ్మా. మేడం బంగారం" అని నవ్వుతున్న గొంతు. ఇది నా దగ్గరే ఉందంటే, శిరీషకు పోయింది ఏది? పట్టికలో ఒక వరస కింది నంబరు చూశాను. అంతే. ఇంత చదువూ ఒక వరస తేడాలో పోయింది. తీసేద్దామని చూస్తే, అప్పటికే రెండు టిక్కులూ నీలంగా ఉన్నాయి. వినేసింది.

ఆ పచ్చిది నేను విన్నాను. వినక తప్పలేదు. "శిరీషా, నాకీడ ఏమీ బాగలేదు మ్మా. ఈ పొద్దు మేడం మనవరాలికి జడేస్తాంటే నీ తల గుర్తొచ్చి చేతులు ఆడలే. వచ్చేయాలనుంది. నువ్వు సదువయిపోయి పెద్ద నర్సమ్మవైతే, ఈ పనిమనిషిని మా అమ్మ అని చెప్పుకుంటావో లేదో..." ఆ తర్వాత మాటలు లేవు, ముక్కు చీదుకునే శబ్దం మాత్రమే. లైబ్రరీలో నా చుట్టూ అమ్మాయిలు కాఫీలు తాగుతూ నవ్వుకుంటున్నారు. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, ఆ పిల్ల కాలేజీ మానేస్తుంది, నా వల్ల మానేస్తుంది అని అదే మాట తిప్పి తిప్పి అనుకున్నాను.

శిరీష నుంచి జవాబు లేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. మంగళవారం అన్నం కంచం ముందు కూచుని అమ్మకు చెప్పేశాను. అమ్మ చేతిలో తడి తువ్వాలు ఉంది. దానితోనే నా వీపు మీద రెండు వేసింది, నాలుగో ఏడు చదివే పిల్లనని కూడా చూడలేదు. "పెద్ద సైంటిస్టువైనవ్! ఒక్క గిన్నెల కలుపకని చెప్పిన్నా లేదా?" బాపు అడ్డం వచ్చి, "కొట్టుడు తర్వాత, గా పిల్ల సంగతి చూడున్రి" అన్నాడు. "నేను పోయి లక్ష్మికి చెప్పాల్నా?" అంది అమ్మ కోపంగా. అంటూనే తనే తల ఊపుకుంది. "ఊహూఁ. నీ నోటితోటే చెప్పు. ఒట్టు వేసింది నువ్వు."

బుధవారం సాయంత్రం ఉమ్ ఫైసల్ ఇంటి వెనక గేటు దగ్గర నిలబడ్డాను. లక్ష్మత్త ఖర్జూరం మట్టలు ఊడుస్తోంది. నన్ను చూసి, "ఏంది పాపా, ఇట్లొచ్చినావ్? నా బిడ్డ ఏమైనా పంపిందా?" అని నవ్వుతూ వచ్చింది. నేను చెప్పాను. నీళ్ళు నమలలేదు, అడ్డదిడ్డంగా అయినా మొత్తం చెప్పాను. ఆవిడ చీపురు కింద పడేసి, బోర్లించిన బకెట్ మీద కూచుంది. "ఏమని చెప్పినానో నాకే గుర్తు లేదు. ఇనిపియ్" అంది. వినిపించాను. తన పచ్చి గొంతు తాను వినడం ఆవిడకు అదే మొదలు. వింటున్నంతసేపూ నా చేతిలో ఫోను కేసి, ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు చూసింది. అయిపోయాక లేచి నిలబడింది. "మూడేండ్లు మింగినా పాపా ఈ మాటలు. మూడేండ్లు! నీ సొసైటీ కోసరం నా బిడ్డ సదువు పోగొడతావా నువ్వు?" గేటు వేసేసింది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు అయ్యేదాకా అక్కడే నిలబడి ఇంటికొచ్చాను.

గురువారం డాక్టర్ సల్మా గదిలో కూచుని అదే కథ మళ్ళీ చెప్పాను. ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు, పేపర్ బాగుంది, సభ ఇంకో పది రోజుల్లో. కానీ ఆ గొళ్ళెం చప్పుడు చెవిలో ఉండగా ప్రమాణం ఎట్లా చదవను? ఆవిడ నారింజ ఒలవడం ఆపేసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "నీ దగ్గర ఇంకెంతమంది గొంతులున్నాయి?" అని అడిగి, తన ఎదుటే అన్నీ తుడిపించింది. పేపర్ వెనక్కి తీసుకుంది. రిజిస్టర్ తెరిచి, ఆ ఏడు సంతకాలకని పెన్సిలుతో ముందే రాసిపెట్టిన పేర్లలో నా పేరు చెరిపేసింది. "వచ్చే టర్ములో మళ్ళీ అడుగు. ఇస్తానని మాట ఇవ్వను, అడగమని మాత్రం చెప్తున్నాను" అంటూ సగం నారింజ నా చేతిలో పెట్టింది. బస్సులో ఆ నారింజ తింటూ ఏడ్చాను. పుల్లగా ఉంది కూడా, దరిద్రం.

శుక్రవారం వచ్చింది. అందరూ వచ్చారు, లక్ష్మత్త రాలేదు. ఆ రోజు ఎవరూ రికార్డు చేయలేదు. విషయం అందరికీ తెలిసిపోయింది, సత్యవతిగారు కూడా గేదె ఊసెత్తలేదు. అమ్మ చేసిన సర్వపిండి చల్లారిపోతోంది. ఎప్పటికోగానీ మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడలేదు. లక్ష్మత్త లోపలికొచ్చి, నా వైపు చూడకుండా, "పద్మక్కా, ఏమన్నా వచ్చిందా?" అంది. లేదని అమ్మ చెప్పబోతుండగానే తన ఫోను మోగింది. శిరీష నంబరు నుంచి వాయిస్ మెసేజ్. లక్ష్మత్త రెండడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని, "నువ్వే పెట్టు అక్కా, నా చేతులు రావు" అంది. అమ్మ పిండి చేతి మడమతో నొక్కింది.

"అమ్మా, పరీక్షలు మ్మా, ఫోన్లు వార్డెన్ దగ్గర పెట్టుకుంటారు. నీది ఇన్న రోజే ఇచ్చేసినా. ఈ పొద్దే చేతికొచ్చింది, మళ్ళా మళ్ళా ఇన్నా." ఆ పిల్ల గొంతు బొంగురు పోయి ఉంది. "ఇన్ని దినాలూ నువ్వు బాగుండా బాగుండా అంటాంటే నాకెంత కోపమొచ్చేదో తెలుసా? ఆడ కోడికూర తింటా నన్ను మర్చిపోయినావనుకున్నా. ఈడ నేనొక్కదాన్నే ఏడుస్తాండా అనుకున్నా. మొన్న బ్యాగు కూడా సర్దినా, ఇంక సదవలేను, పోతా అని. నీది ఇన్నాక ఆ బ్యాగు విప్పేసినా. పరీక్షలు రాసినా, అన్నీ రాసినా. మా అమ్మ నాకోసరం ఏడుస్తాంటే నేనెట్ల మానేస్తా? ఇంగోటి, నిన్ను చెప్పుకోనా నేను? మా రూములో అందరికీ ఇనిపించినా, మా అమ్మ అని."

లక్ష్మత్త గోడకు ఆనుకునే కిందికి జారి కూచుని, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత చూస్తే అది నవ్వు. రెండూ. "బ్యాగు సర్దిందంట దొంగముండ! సర్దిందంట!" సత్యవతిగారు ముక్కు తుడుచుకుంటూ, "అయితే ఇన్నేళ్ళూ మనం ఉడికించి ఉడికించి మాడబెట్టామా పద్మక్కా?" అంది. అమ్మ పొయ్యి దగ్గరికి పోయి గిన్నె తిప్పింది. ఆ ఆచారం పెట్టింది తను. ఆ క్షణంలో ఆవిడ వీపు చూస్తే నాకు జాలేసింది. లక్ష్మత్త నన్ను దగ్గరికి పిలిచి చెవి మెలేసింది, ఉత్తుత్తిగా కాదు, గట్టిగా. "నువ్వు సేసింది తప్పే పాపా. మంచి జరిగిందని ఒప్పు కాదు" అంది. నేను ఊఁ అన్నాను. ఈ రోజుకీ ఊఁ అంటాను.

మరుసటి టర్ములో మళ్ళీ అడిగాను. ఈసారి నా పరిశోధన అఫ్గానీ రొట్టెల దుకాణం ముందు ఏ దేశంవాళ్ళు ఒకరికొకరు ఎంత దూరంలో నిలబడతారన్నది. దానివల్ల ఎవరికీ కష్టం కలగలేదు, ఎవరికీ ఉపయోగమూ కలగలేదు. డాక్టర్ సల్మా చదివి, "సురక్షితంగా ఉంది" అని మాత్రం అంది. పెన్సిలుతో చెరిపిన చోటే నా పేరు రాసింది. ఇక బిళ్ళ ఎవరు పెట్టాలి? అమ్మకు మాటిచ్చాను, కానీ నా మనసులో ఇంకొకరు ఉన్నారు. ఎట్లా చెప్పాలా అని నేను నాన్చుతుంటే, అమ్మే ఒక రోజు పిండి కలుపుతూ, "లక్ష్మిని రమ్మన్న. నీ మీద నమ్మకం పెట్టి, అది పోయినంక గూడ మల్ల మన గడప తొక్కింది ఆమెనే గద" అంది. చీర మాత్రం కట్టుకుని తనూ వచ్చింది.

ఆడవాళ్ళు కార్లు నడపడం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. ఉమ్ ఫైసల్ ఆ వయసులో లైసెన్సు తెచ్చుకుని, మొదటిసారి ఊరు దాటించింది మమ్మల్నే. దారంతా లారీలు మమ్మల్ని దాటిపోతుంటే ఆవిడ యల్లా యల్లా అంటుందే గానీ కారు వేగం పెంచదు. వెనక సీట్లో అమ్మ, లక్ష్మత్త ఒకరి చేయి ఒకరు పట్టుకుని దండకం చదివారు. సభలో నిజం కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు పెట్టారు. ప్రమాణం చదివాను. సంతకం చేశాను. లక్ష్మత్త రెండు చేతులతో బిళ్ళ పట్టుకుని, అబాయాను దాటి నేరుగా నా భుజంలోకి దింపింది. పిన్ను వంకర పోయింది. "నొప్పయిందా పాపా?" "లేదత్తా, బాగుంది." ఆవిడ నా మొహంలోకి చూసి, "అది ఉడికింది. పచ్చిది చెప్పు" అంది. "ప్రాణం పోయింది అత్తా!" అన్నాను. డాక్టర్ సల్మాకు తెలుగు రాదు, మేం ముగ్గురం అంతలా ఎందుకు నవ్వుతున్నామో పక్కవాళ్ళను అడుగుతోంది.

ఇప్పుడు నేను హుఫూఫ్‌లో ఒక స్కూల్లో పిల్లల కౌన్సిలర్‌ను. శిరీష కువైట్‌లో నర్సు, లక్ష్మత్త ఊళ్ళో మనవడికి జడలు వేస్తోంది, వాడు వద్దన్నా సరే. ఇప్పుడొచ్చే ఆడవాళ్ళకు ఎవరి వంటిల్లూ అక్కర్లేదు, వీడియోలో మొహాలు చూసుకుంటూనే మాట్లాడతారు. అయినా చూస్తాను కదా, బటన్ నొక్కేముందు కళ్ళు తుడుచుకుని, దీపం వెలుగు పడే చోటు వెతుక్కుంటారు. ఉడికించడం ఎక్కడికీ పోలేదు, వంటిల్లు మారింది. మా రోజుల్లో కనీసం పచ్చిది వినడానికి పక్కన ఒక మనిషి ఉండేది. నా గదిలోకి వచ్చే పిల్లలు ముందు ఉడికిందే చెప్తారు. నేను బల్ల మీద నారింజ ఒలుస్తూ రెండోదాని కోసం కాచుకుంటాను.

బాపు, అమ్మ దమ్మాంలో విమానం ఎక్కారు. మా సొంతూరు జగిత్యాల చేరిన మొదటి శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళకు అమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మంచిగున్నం బిడ్డా. ఇల్లు మంచిగుంది, అందరు వచ్చి చూసి పోతున్నరు. నువ్వు ఫికర్ చేయకు." ఎంత బాగా చెప్పిందో! ఎన్ని వందల మందికి నేర్పిన గొంతు అది. నేనింకా ఫోను కింద పెట్టలేదు, రెండోది వచ్చింది. "స్వప్నా, గది ఉడికింది. ఇగ పచ్చిది ఇను. పొద్దున లేచి, శుక్రారం గద అని ఇరవై మందికి పిండి కలిపిన. తినెటోళ్ళం నేను, బాపు, మీ చిన్నమ్మ. ముగ్గురమే. గంత పిండి ఏం జెయ్యాలె బిడ్డా నేను?"

బ్యాడ్జీ నా బల్ల మీదే ఉంది, పిన్ను వంకర అట్లాగే. రికార్డు బటన్ నొక్కి, నోటికి ఏది వస్తే అది, ముక్కు చీదుడుతో సహా చెప్పి, ఒక్కసారి కూడా వినకుండా అమ్మకు పంపేశాను.